లైను తెంపినవాళ్ళు

కాగితం కళ్ళెదుటే ఉంది. పైన నాన్న పేరు, కింద డాక్టరు సంతకం, దాని పక్కన ఊదారంగు ముద్ర, అన్నీ తెరమీద చక్కగా కనిపిస్తున్నాయి. చేతిలోకి మాత్రం రావడం లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత పుట్టించిన మహానుభావుడి ఇంట్లో తప్పకుండా ఒక ప్రింటరు ఉండి ఉంటుందని సూర్యావతికి ఆ మధ్యాహ్నం గట్టిగా అనిపించింది.

అలాగని నవ్వుకునే సమయం కాదది. లోపలి గదిలో నాన్న అచ్చెన్న గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. వయసులో రేవులో బియ్యం బస్తాలు రెండేసి మోసిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసు ఎత్తడానికి ఆయాసపడుతున్నాడు. వేలికి తగిలించిన చిన్న మీటరు ఎనభై రెండు చూపిస్తోంది. పొద్దున్న ఎనభై ఎనిమిది ఉండేది. మంచం పక్కనున్న ఆక్సిజన్ సిలిండరు ముల్లు ఎర్రగీతను ముట్టుకోబోతోంది.

కోవెల కమిటీవాళ్ళు ఇంకో సిలిండరు ఇచ్చారు, కానీ అది ఖాళీది. దాన్ని నింపించాలంటే యాంగన్ ఊరి చివర ప్లాంటు దగ్గర వరసలో నిలబడాలి. ఆ గేటు దగ్గర తుపాకులు పట్టుకుని నిలుచున్నవాళ్ళకు డాక్టరు చీటీ చూపించాలి. ఫోనులో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు, కాగితమే కావాలి. ఒక్కో కాగితానికి ఒక్కో సిలిండరు. బర్మాలో సైన్యం గద్దెనెక్కినందుకు పెద్దాసుపత్రి డాక్టర్లంతా సమ్మెకట్టి ఎక్కడెక్కడో తలదాచుకున్నారు. పజుండౌంగ్‌లో మన తెలుగువాళ్ళందరికీ దిక్కయిన క్లినిక్ డాక్టరు తనే జబ్బుపడి తలుపులు మూసుకున్నాడు. అయినా మంచం మీంచే చీటీ రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి సూర్యావతి ఆఫీసు మెయిలుకు పంపాడు. ఆమెకున్న మెయిలు అదొక్కటే. ఫోనులో ఇంటర్నెట్టు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో సైన్యం వాళ్ళ దయ.

కింద వీధిలో దండాసి తన సైకా రిక్షా తొక్కుకుంటూ వచ్చి నిలబడి చాలాసేపయింది. పక్కన మనిషి కూర్చునే సీటులో మనిషికి బదులు ఖాళీ సిలిండరు తాళ్ళతో కట్టి ఉంది. జబ్బు మొదలైనప్పటి నుంచీ అతని సైకా ఎక్కేవి సిలిండర్లే.

"సూర్యావతమ్మా! వొచ్చిందా నేదా?" అని కిందినుంచి కేకేశాడు.

"వొస్తాంది అన్నా, ఒక్క నిమిషం!" అంది సూర్యావతి మూడో అంతస్తు బాల్కనీలోంచి. ఆ ఒక్క నిమిషం అప్పటికి చాలాసార్లు అయిపోయింది.

ఆమె కిందికి దిగడానికి లేదు. ఆమెకూ జబ్బే. వార్డు ఆఫీసువాళ్ళు గుమ్మానికి అడ్డంగా టేపు కట్టి పోయారు. బాల్కనీకి పసుపు గుడ్డ వేలాడుతోంది. మందులు కావాల్సిన ఇంటికి పసుపు గుడ్డ, బియ్యం కావాల్సిన ఇంటికి తెల్ల గుడ్డ, ఆ వానాకాలం ఊరు పెట్టుకున్న కట్టుబాటు అది. మనవాళ్ళకు పసుపు గుడ్డంటే పెళ్ళి. ఆ లెక్కన వీధి వీధంతా పెళ్ళివారిళ్ళే. బయటికీ లోపలికీ మిగిలిన దారల్లా బాల్కనీ నుంచి వీధిలోకి వేలాడే తాడూ, దాని చివరి క్లిప్పూ. కూరలైనా మందులైనా దానికే తగిలి పైకి వస్తాయి. కాగితం అచ్చయితే అలాగే కిందికి వెళుతుంది.

అచ్చయితే గదా.

బల్లమీద ఉన్నది కంప్యూటరు కూడా కాదు. అరచేతిలో పట్టే నల్లడబ్బా, దానికో తెర, దానికో ప్రింటరు. అసలు కంప్యూటరు పబేడాన్‌లో తాళం వేసిన ఆఫీసులో ఉంది. ఈ డబ్బా దానిలోకి తొంగిచూసే కిటికీ మాత్రమే. సొంతంగా ఒక్క అక్షరం దాచుకునే చోటు కూడా దానికి లేదు. చూడొచ్చు, అక్కడే టైపు చేసుకోవచ్చు, అదృష్టం బాగుంటే ఇంట్లో ప్రింటు తీసుకోవచ్చు. రేవులో సరుకు విడిపించే ఆ ఆఫీసు ఓనరు పిసినారి కావడం వల్ల, ఊరు మూతపడ్డప్పుడు ఇలాంటి డబ్బాలు రెండే కొన్నాడు. ఒకటి సూర్యావతికి, రెండోది సీనియరు గుమాస్తా గోపాలానికి. కంప్యూటరు ఒకటే, మెయిలూ ఒకటే, పాస్‌వర్డూ ఒకటే. పొద్దున్న గోపాలం, మధ్యాహ్నం నుంచి సూర్యావతి. కొళాయి దగ్గర బిందెల వంతులాగా.

ఆ గోపాలంతో ఆమెకు మాటల్లేవు.

ఒకప్పుడు ఉండేవి. ఆఫీసులో చేరినప్పటి నుంచి ఆయన్ని మావా అనే పిలిచేది. తల్లిలేని పిల్ల అని ఆయన భార్య రాధాకుమారి రోజూ ఆయన క్యారియర్లో ఇంకో గిన్నె ఎక్కువ పెట్టి పంపేది. ఆ చేపల పులుసు తిని పెరిగిందనే చెప్పాలి. సైన్యం గద్దెనెక్కిన కొత్తలో రాత్రి ఎనిమిదయ్యేసరికి ఊరు ఊరంతా గిన్నెలూ మూకుళ్ళూ వాయించింది, ఇంట్లో దూరిన దయ్యాన్ని తరిమినట్టు. మింగళ తౌంగ్‌న్యున్‌లో గోపాలం ఇల్లు ఒక్కటే చప్పుడు చెయ్యలేదు. ఎవరో ఆయన్ని దలాన్ అన్నారు, అంటే సైన్యానికి చాడీలు మోసేవాడని. సూర్యావతి నమ్మింది. ఆ రోజుల్లో నమ్మడం సులువు. "ఆడికి బయమే తల్లీ, బయపడ్డోడు దలాన్ అయిపోతాడేటి" అని నాన్న అన్నా వినలేదు. క్యారియరు గిన్నె తిప్పి పంపేసింది. అంతే, ఆనాటి నుంచి ఒకే కంప్యూటరులో పూటకొకరు కూర్చుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె వంతు. ప్రింటు నొక్కితే ప్రింటరు ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసుకు కంప్యూటర్లు చూసే అమర్‌కి ఫోను చేసింది. ఆ అబ్బాయిది కూడా మన తెలుగు కుటుంబమే. తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తాడు, మధ్యలో బర్మా మాటలు.

"అక్కా, ముందు కనెక్షన్ కట్ చెయ్యి. మళ్ళీ పెట్టేముందు ఆప్షన్స్ అని ఉంటాది, అందులో ప్రింటర్స్ దగ్గర టిక్ ఉందా?"

"నేదు."

"అదీ సంగతి. టిక్ పెట్టకపోతే ఆఫీసు కంప్యూటరుకి మీ ఇంట్లో ప్రింటర్ ఉన్నట్టే తెలీదు."

టిక్ పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఇప్పుడు ప్రింటర్ల పేర్లలో తనది కూడా కనిపించింది. ప్రాణం లేచివచ్చింది. నొక్కింది. ఏమీ రాలేదు.

"పేరు పక్కన రిడైరెక్టెడ్ అని ఉన్నది సెలెక్ట్ చేసావా? ఒట్టి పేరు ఉన్నది ఆఫీసు ప్రింటర్. దానికి కరెంటే లేదు."

తెలియకుండా నొక్కిందాన్నే నొక్కుతోంది. తనని తాను తిట్టుకుని సరైనది ఎంచుకుంది. అంతలో తెర నల్లబడింది. మధ్యలో చిన్న ఇంగ్లీషు డబ్బా ఏదో వచ్చింది. సూర్యావతి దాన్ని చదవకుండానే ఓకే నొక్కేసింది.

"లైను తెగిపోయింది అమర్."

"ఏటని మెసేజ్ వచ్చింది అక్కా?"

"ఏటుంటాది, లైను తెగిపోయిందని. ఎదవలు, తెంపెయ్యడం తప్ప ఆళ్ళకి ఇంకో పని ఉందా?"

అమర్ కూడా అవునన్నాడు. అనకేం చేస్తాడు? ఆ ఏడాది యాంగన్‌లో లైను ఎందుకు తెగిందని ఎవరూ అడగరు. చినుకు పడితే మబ్బుని చూసినట్టు, లైను తెగితే సైన్యాన్ని తిట్టడం అలవాటైపోయింది. రాత్రుళ్ళు తెంపుతారు, ఊరేగింపులున్న రోజు తెంపుతారు, ఏమీ లేని రోజున కూడా తెంపుతారు. కనక తెగిన ప్రతి లైనూ వాళ్ళ ఖాతాలోనే.

మళ్ళీ కలిపింది. చిత్రంగా ఇందాక తెరిచిన కాగితం మూసుకుపోయి ఉంది. మెయిలు వెతికి, ఆ వరసలో నాన్నదాన్ని పట్టుకుని తెరిచింది. దాని కిందే అదే క్లినిక్ నుంచి ఇంకో మెయిలు ఉంది గాని దాన్ని చూసే ఓపిక లేదు. ప్రింటు నొక్కబోయేసరికి మళ్ళీ లైను తెగింది. మళ్ళీ ఓకే. మళ్ళీ కలపడం.

"నాన్నా, ఒక్క నిమిషం నాన్నా," అంది గదిలోకి తొంగిచూసి.

అచ్చెన్న మాస్కు కొంచెం పక్కకు జరిపాడు. "దసరాకి... దానికి బొట్టెట్టేవా?" అన్నాడు. మూడు మాటలకు మూడు ఊపిర్లు పట్టాయి. ప్రింటరు గురించే అడుగుతున్నాడు. రేవులో క్రేన్లకే కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టిన మనిషి.

"ఎట్టేను నాన్నా. నువ్వు మాటాడకు."

"మరెందుకు... అలిగింది?" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేసరికి మీటరు ఎనభైకి దిగింది. సూర్యావతి వీపు నిమిరి, మాస్కు సరిచేసి, గుమ్మం దాటేదాకా ఏడుపు ఆపుకుంది. దాటాక ఆపుకోలేకపోయింది. తుడుచుకుంటూనే మళ్ళీ డబ్బా ముందు కూర్చుంది.

అమర్ ఇంకా లైనులోనే ఉన్నాడు. ప్రింటరు ఆపి పెట్టమన్నాడు, పెట్టింది. వైరు తీసి గుచ్చమన్నాడు, గుచ్చింది. ప్రింటరు కిటికీ తెరిచి 'ఆఫ్‌లైన్' అన్న దగ్గర టిక్ ఉంటే తీసెయ్యమన్నాడు. ఉంది. తీసేసింది. "ఇప్పుడు టెస్ట్ పేజ్ కొట్టు" అన్నాడు. కొట్టింది.

ప్రింటరు మూలిగింది. లోపల చక్రాలేవో తిరిగాయి. తెల్లకాగితం నెమ్మదిగా జారివచ్చింది, పనికిమాలిన రాతలూ రంగుల గీతలూ వేసుకుని. సూర్యావతి దాన్ని కళ్ళకద్దుకుంది.

"వొచ్చింది అమర్! వొచ్చింది!"

"ఇంక నీదే ఆలస్యం అక్కా. లైనుండగానే కొట్టెయ్," అని అతను ఫోను పెట్టేశాడు. అతనికోసం ఇంకెన్ని ఇళ్ళు ఎదురుచూస్తున్నాయో.

ఆమె కాగితం దగ్గరికి వెళ్ళబోయేలోగా లైను తెగింది. పళ్ళు పటపట కొరికి మళ్ళీ కలిపింది. ఈసారి అదృష్టం, కాగితం తెరమీదే తెరిచి ఉంది. అదే క్లినిక్ పేరు, అదే సంతకం, అదే ఊదా ముద్ర. వెతుక్కునే పని లేదు. మళ్ళీ తెగేలోగా ఒక్కటే దెబ్బగా ప్రింటు నొక్కింది. ప్రింటరు మూలిగింది. కాగితం వచ్చింది.

"అన్నా, వొచ్చీసింది!" అని బాల్కనీలోకి పరిగెత్తింది. తాడు పైకి లాగి, క్లిప్పు తెరిచి, కాగితం పెట్టబోతూ ఎందుకో ఒక్కసారి పైన చూసింది.

ఉన్నది నాన్న పేరు కాదు. 'డా మ్యా యీ' అని ఉంది, డా అంటే బర్మా భాషలో శ్రీమతి లాంటిది. వయసు అరవై ఒకటి. ఇల్లు మింగళ తౌంగ్‌న్యున్.

మనవాళ్ళలో మనిషికి రెండు పేర్లు. ఇంట్లో తెలుగు పేరు ఒకటి, సర్కారు కార్డులో బర్మా పేరు ఒకటి. డా మ్యా యీ ఎవరో ఇంకెవరికైనా తెలియకపోవచ్చు. సూర్యావతికి తెలుసు. ఆఫీసు ఆరోగ్యబీమాలో ఆ పేరు ఏటేటా తనే టైపు చేసేది. అది రాధాకుమారి కార్డు పేరు. ఆ చేపల పులుసు రాధాకుమారి.

కాగితం పట్టుకుని గదిలోకి వచ్చింది. తెరమీద ఇంకా అదే ఉంది. చూస్తూండగానే తెర నల్లబడింది, మధ్యలో ఇంగ్లీషు డబ్బా వచ్చింది. ఇందాకటి నుంచీ చదవకుండా కొట్టిపారేసిన ఆ రెండు వాక్యాలను సూర్యావతి మొదటిసారి చదివింది. మరొకరు ఈ కంప్యూటరులోకి వచ్చారు కనక మీ కనెక్షన్ పోయింది, అని దాని భావం.

లైను ఎవరూ తెంపలేదు. ఆయన వచ్చినప్పుడల్లా ఈమె బయటపడింది. ఈమె వచ్చినప్పుడల్లా ఆయన బయటపడ్డాడు. అంటే ఇవాళ తను ఎన్నిసార్లు కలిపిందో అన్నిసార్లూ రాధాకుమారి కాగితం పీక నొక్కింది.

ఫోను తీసి గోపాలం నంబరు నొక్కింది. ఎంగేజ్. మళ్ళీ నొక్కింది. ఎంగేజ్. ఇంకెవరికో చేస్తున్నాడు కాబోలు. లోపల్నుంచి నాన్న ఊపిరి ఈలలాగా వినిపిస్తోంది. మీటరు డెబ్బై ఎనిమిది.

ఇక్కడిదాకా జరిగింది తెలియక చేసింది. ఆ తరవాతది తెలిసే చేసింది. మళ్ళీ మీట నొక్కి కలిపింది. అవతల ఆయన బయటపడ్డాడని తెలుసు. నాన్న కాగితం తెరవబోయింది, ఆయన తిరిగివచ్చాడు, ఈమె బయటపడింది. మళ్ళీ కలిపింది. మెయిలు తెరుచుకుంటూండగా మళ్ళీ బయటపడింది. ఒకే గుమ్మంలోంచి ఇద్దరు ఒకేసారి దూరబోతే ఇద్దరూ ఇరుక్కున్నట్టు, అటు ఆయనా ఇటు ఈమే. తేడా ఒకటే. తోస్తున్నది ఎవరో ఈమెకు తెలుసు. ఆయనకు తెలిసి ఉండదు, ఆయనా సైన్యాన్నే తిట్టుకుంటూ ఉంటాడు.

ఇంతలో వీధి చివర ట్రక్కు చప్పుడయింది. దండాసి సైకా తోసుకుంటూ పక్కసందులోకి మాయమయ్యాడు. కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ట్రక్కు నిండా సైనికులు. నడిరోడ్డు మీద ఆపి ఎవరింటికేసో చూస్తూ కూర్చున్నారు. సూర్యావతి వెలుతురు కనబడకుండా తెర మీద తువ్వాలు కప్పి, నాన్న పక్కన నేలమీద కూర్చుంది. గోపాలానికి ఇంకోసారి ఫోను చేసింది. ఈసారి మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తలేదు.

ట్రక్కు చాలాసేపు కదల్లేదు. అంతసేపూ రాధాకుమారి కాగితం ఆమె ఒళ్ళోనే ఉంది. తువ్వాలు తీసి ఇంకొక్కసారి ప్రయత్నించవచ్చు. ప్రయత్నించలేదు. మళ్ళీ తెంపేస్తారులే అనుకుంది. అది సాకేనని ఆమెకూ తెలుసు. చేతిలో ఒక కాగితం ఉన్నవాళ్ళకు రెండోదాని మీద ఆరాటం తగ్గుతుంది.

ట్రక్కు వెళ్ళాక దండాసి సందులోంచి బయటపడ్డాడు. "ఏటమ్మా, ఇంకా నేదా? గేటు మూసెస్తే ఇంక రేపే!" అన్నాడు.

రేపు అన్న మాట విని ఆమె వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. నాన్న తల ఒకపక్కకు వాలింది, పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. రేపటిదాకా ఉండే మనిషిలా లేడు.

"కాగితం ఉంది గానీ అన్నా... పేరు మాది కాదు."

దండాసి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పేరెవుడు సూస్తాడమ్మా? ముద్రుందా నేదా అనే సూస్తారు. దించెయ్యి."

దించేసింది. కాగితాన్ని క్లిప్పుకు తగిలించి తాడు వదిలింది. అరచేతులు చెమటకు జారుతున్నాయి. రాధత్తా క్షమించు, అనుకుంది లోపల. నీకు ఇంకొకటి తీయిస్తాను, నాన్న గట్టెక్కాక నేనే కూర్చుని తీయిస్తాను. కాగితం మూడో అంతస్తు దిగింది, రెండో అంతస్తు దిగింది. గాలికి గిరగిరా తిరుగుతోంది.

అప్పుడే వీధి మలుపులోంచి ఒక సైకిలు వచ్చింది. తొక్కుతూ కాదు, తోసుకుంటూ. వెనక క్యారేజీ మీద సిలిండరు. తోస్తున్న ముసలాయన లుంగీ మోకాలిదాకా ఎగగట్టి ఉంది, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. సూర్యావతి చేతిలోంచి తాడు జారి, క్లిప్పు మనిషెత్తుకు దిగి ఆగింది.

గోపాలం తలెత్తి ఆమెను చూశాడు. సైకిలు గోడకు ఆనించి జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"అమ్మీ సూర్యావతీ, మీ నాన్న కాగితం మా ఇంట్లో అచ్చయిపోనాదే. తెరమీదుంటే మాదే అనుకుని కొట్టీసాను. తరవాత సూస్తే అచ్చెన్న పేరు. తెచ్చీసాను."

దాన్ని క్లిప్పుకు తగిలిద్దామని తాడు దగ్గరికి వచ్చాడు. అప్పటికే అక్కడ ఒక కాగితం వేలాడుతోంది. దాన్ని తీసుకున్నాడు. కళ్ళజోడు ముక్కుమీదికి జరుపుకుని చదివాడు. చాలాసేపు చదివాడు. చీటీలో ఉన్నవి నాలుగు వాక్యాలే.

"ఇది మా రాధది," అన్నాడు. "మీ ఇంటికొచ్చిందా? నాకు పంపుతన్నావా తల్లీ?"

దండాసి ఒకసారి పైకి చూసి తల వంచుకున్నాడు. సైకా గొలుసు సరిచేస్తున్నట్టు నేలమీద కూర్చున్నాడు.

"అత్తకెలా ఉంది మావా?" అని అడిగింది సూర్యావతి. ఎన్ని నెలలకో ఆ పిలుపు నోట వచ్చింది.

గోపాలం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"పోనాదమ్మా. ఇందాకే. సిలిండరు అయిపోనాది, ఆవిడా అయిపోనాది." కాగితం పైకెత్తి ఆమెకు చూపించాడు. "ఈ కాగితం కోసమే కూకున్నాను ఆ డబ్బా ముందర. తెరమీదకి వొస్తాది, నొక్కుదామనీసరికి తెంపీసేవోరు. ఎన్నిసార్లని! ఆళ్ళ వంశం మట్టయిపోను. ఒక్క నిమిషం... ఒక్క నిమిషం తెంపకుండా ఉంటే బతికీదమ్మా నా రాధ."

ఆ మాటలు రాళ్ళయి ఆమె నెత్తిన పడ్డాయి. ఆయన తిట్టిన ఆ వంశం తనది. ఆ ఒక్క నిమిషం తన చేతిలోది.

"నువ్వు ఇంటికెల్లు బాబూ," అన్నాడు దండాసి మెల్లగా. "అమ్మగారొక్కతే ఉంటాది."

"ఎల్లి ఏటి చెయ్యను? బండి సాయంత్రానికి గానీ రాదంట తీసికెల్లడానికి. పక్కింటోళ్ళు దీపం ఎట్టి కాసుకుంటన్నారు. అందాకా కూకుని ఆవిడ మొకం సూడలేను నాయనా." సైకిలు మీది సిలిండరు కట్లు విప్పసాగాడు. "పద, క్యూలో నేను నిలబడతాను. రెండు కాగితాలున్నాయి, రెండు ఖాళీ సిలిండర్లున్నాయి. రెండూ అచ్చెన్నకే నింపించుకొద్దాం. ఆవిడ కాగితం దండగైపోకూడదు."

ఇద్దరూ కలిసి రెండో సిలిండరును సైకా మీదికి ఎత్తారు. గోపాలం రెండు కాగితాలూ చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఎగుడుదిగుడు బొత్తాలను ఇప్పుడు గమనించి సరిచేసుకున్నాడు. దండాసి తొక్కడం మొదలుపెట్టాడు. బరువెక్కువై సైకా కదలకపోతే ఆయన వెనకనుంచి తోశాడు.

"మావా!" అంది సూర్యావతి.

ఆయన ఆగి తలెత్తాడు.

"తెంపింది ఆళ్ళు కాదు మావా. నేను."

గొంతులోంచి వచ్చింది సగమే. ఆ సగానికి మాస్కు అడ్డం, మూడంతస్తుల ఎత్తు అడ్డం. గోపాలం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏటమ్మా? ఇనిపించట్లేదు."

రెండోసారి చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"జాగర్త మావా," అంది.

"అలాగే తల్లీ. నాన్న కాడికెల్లు. ఆడికి దైర్యం సెప్పు, గోపాలం ఎల్లేడని సెప్పు." చెయ్యి ఊపి, వంగి, సైకాను తోసుకుంటూ వెళ్ళిపోయాడు. మలుపు తిరిగేదాకా ఆయన వీపే కనిపించింది.

సూర్యావతి ఖాళీ క్లిప్పును పైకి లాగింది. నాన్న దగ్గరికి వెళ్ళి, తల నిలబెట్టి, "గోపాలం మావ ఎల్లేడు నాన్నా, ఆక్సిజనుకి" అని చెప్పింది. అచ్చెన్న కళ్ళు తెరవకుండానే ఆమె వేలు పట్టుకున్నాడు. సిలిండరు ముల్లు ఎర్రగీత మీద ఉంది, ఇంకా దాటలేదు. ఆయనను గోడకు ఆనించి, వేలు వదిలించుకోకుండానే, చెయ్యి చాపి బల్లమీది తెర మీంచి తువ్వాలు తీసింది. కలిపే మీట నొక్కింది.

తెర వెలిగింది. రాధాకుమారి కాగితం గోపాలం వదిలేసినచోటే తెరిచి ఉంది. సూర్యావతి దాన్ని మూసెయ్యలేదు, ప్రింటూ నొక్కలేదు. అవతల ఆయన ఇంకా రాధాకుమారి కోసం ఆ డబ్బా ముందే కూర్చున్నట్టు, ఎప్పుడు తెరని నల్లబరుస్తాడో, ఎప్పుడు తనని బయటికి తోసేస్తాడో అని చూస్తూ కూర్చుంది. ఒక్కసారి తోసేస్తే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

కింద సైకా గంట వినబడేదాకా లైను ఒక్కసారి కూడా తెగలేదు.